బొమ్మలో కనిపించిందల్లా నొప్పి కాదు
నడుము నొప్పికి ఎంఆర్‌ఐ ఎవరికి అవసరం? ఎవరికి దండుగ?

వరంగల్: నాటు మొదలుకొని పత్తి ఏరడం దాకా ఈ ప్రాంతంలో నడుము వంచకుండా సాగే పని లేదు. పొద్దంతా బురదలో వంగి నాట్లు వేసే కూలీలు, వీపున మందు డబ్బా కట్టుకొని చేలల్లో తిరిగే రైతులు, ఏనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీలు, మోకు వేసుకొని తాడి చెట్టెక్కే గీత కార్మికులు, కొత్తవాడలో మగ్గం ముందు కూర్చొని జంపఖానాలు నేసేవారు... వీరిలో ఎవరిని పలకరించినా నడుము నొప్పి మాట రాకుండా పోదు.

వెనుకటి రోజుల్లో నడుము పట్టేస్తే ఆముదం రాసి, ఇటుకతో కాపడం పెట్టి, నాలుగు రోజులు మెల్లగా తిరిగేవారు. ఇప్పుడు దారి మారింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ వేసిన రెండు సూదులకు నొప్పి తగ్గకపోతే చేతికి చీటీ వస్తుంది. ఆ చీటీ పట్టుకొని హన్మకొండకో, వరంగల్‌కో బస్సెక్కడం, స్కానింగ్ సెంటర్‌లో కొన్ని వేల రూపాయలు కట్టడం, సాయంత్రానికి పెద్ద కవరులో ఫిల్ములు తీసుకొని రావడం మామూలైపోయింది.

ఆ రిపోర్టులో ఇంగ్లీషు మాటలు నిండా ఉంటాయి. “డిస్క్ జారింది, నరం నొక్కుకుంది” అన్న ఒక్క మాటే ఇంటి వారికి అర్థమవుతుంది. కాళ్ళు పడిపోతాయేమోనన్న భయం పట్టుకుంటుంది. పత్తి అమ్మిన సొమ్మో, చీటీ ఎత్తిన సొమ్మో, అదీ కాకపోతే పుస్తెలతాడు కుదువపెట్టి తెచ్చిన సొమ్మో పట్టుకొని ఆపరేషన్‌కు సిద్ధపడతారు. ఇంతా చేసి ఆ నొప్పికి కారణం బొమ్మలో కనిపించిన డిస్కేనా అన్న ప్రశ్న అడిగేవారు తక్కువ.

ఎంఆర్‌ఐ చెడ్డ పరీక్ష కాదు. వెన్నెముక జబ్బులను చూడడానికి అంతకు మించిన యంత్రం ఇంకా లేదు. అయితే ఆ పరీక్ష ఎవరికి, ఎప్పుడు చేయాలి, చేసిన తరువాత దాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నది తెలియకపోవడం వల్ల రెండు రకాల నష్టాలు జరుగుతున్నాయి. అవసరం లేనివారు డబ్బు పెట్టి భయం కొని తెచ్చుకుంటున్నారు. నిజంగా అవసరమైన వారు పట్టీలతో, పసర్లతో కాలం గడిపి ఆలస్యంగా వస్తున్నారు.

యంత్రం చూసేదేమిటి?

మనిషి వెన్నులో 33 పూసలుంటాయి. వాటిలో నడుము పూసలు అయిదు. పూసకూ పూసకూ మధ్య మెత్తని దిండు వంటి డిస్క్ ఉంటుంది. పూసల వెనుక సొరంగం వంటి దారిలో వెన్నుపాము, నరాలు కిందికి దిగుతాయి. బరువులు మోసినప్పుడు, వంగి లేచినప్పుడు ఒత్తిడంతా కింది రెండు డిస్క్‌ల మీద ఎక్కువగా పడుతుంది. రిపోర్టుల్లో ఎల్ 4–ఎల్ 5, ఎల్ 5–ఎస్ 1 అని రాసేది వీటి గురించే. నడుములో జారే డిస్క్‌లలో చాలా భాగం ఈ రెండు చోట్లనే.

ఎక్స్‌రేలో ఎముక మాత్రమే కనిపిస్తుంది. డిస్క్, నరం కనిపించవు. ఎంఆర్‌ఐ యంత్రం పెద్ద అయస్కాంతం. ఆసుపత్రుల్లో సాధారణంగా వాడే యంత్రం శక్తి భూమి అయస్కాంత శక్తికి సుమారు 30 వేల రెట్లు. అది రేడియో తరంగాలు పంపి, ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్ అణువుల నుంచి తిరిగివచ్చే సంకేతాలను బొమ్మగా మారుస్తుంది. నీరున్న చోట ఒక తీరుగా, లేని చోట ఇంకో తీరుగా కనిపిస్తుంది కాబట్టి డిస్క్, నరం, మూలుగ, చీము అన్నీ విడివిడిగా తెలుస్తాయి. ఎక్స్‌రే కిరణాల వంటి రేడియేషన్ ఇందులో లేదు. ఈ పద్ధతికి బాటలు వేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్ అనే శాస్త్రజ్ఞులకు 2003లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఇంత సూక్ష్మంగా చూడగలగడమే ఈ యంత్రం బలం. చిక్కు కూడా అక్కడే వస్తున్నది. మనిషి ఒంట్లో వయసుతో వచ్చే ప్రతి చిన్న మార్పునూ అది చూపిస్తుంది. ఆ మార్పు నొప్పి పుట్టిస్తున్నదా, లేక ఊరికే ఉన్నదా అన్నది మాత్రం బొమ్మ చెప్పలేదు.

నొప్పి లేని నడుములోనూ...

నలభై ఏళ్ళు దాటిన మనిషి తలలో తెల్ల వెంట్రుకలు వచ్చినట్లే, వెన్నులోని డిస్క్‌లలో నీరు తగ్గి అవి కొంత ఎండిపోతాయి, కొంత చదునవుతాయి, కొంత పక్కకు ఉబ్బుతాయి. తెల్ల వెంట్రుక కనిపించినంత మాత్రాన తలనొప్పికి అదే కారణమని ఎవరూ అనరు. నడుము విషయంలో మాత్రం అదే పొరపాటు జరుగుతున్నది.

దీన్ని తేల్చడానికి అమెరికా వైద్యులు ఎన్నడూ నడుము నొప్పి లేనివారికే ఎంఆర్‌ఐ తీసి చూశారు. 1994లో ప్రచురించిన అలాంటి ఒక పరిశీలనలో 98 మంది నొప్పి లేని మనుషులుంటే, వారిలో 52 శాతం మందికి కనీసం ఒకచోట డిస్క్ ఉబ్బి కనిపించింది. 27 శాతం మందికి డిస్క్ బయటికి పొడుచుకు వచ్చి ఉంది. డిస్క్‌లన్నీ చక్కగా ఉన్నవారు 36 శాతమే.

ఇలాంటి 33 పరిశీలనలను, మొత్తం మూడు వేల పైచిలుకు మనుషుల స్కానింగులను కలిపి 2015లో మరోసారి లెక్క తీశారు. నొప్పి లేని ఇరవై ఏళ్ళ వారిలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. ఎనభై ఏళ్ళ వారిలో అది 96 శాతం. డిస్క్ ఉబ్బు ఇరవై ఏళ్ళ వారిలో 30 శాతం, ఎనభై ఏళ్ళ వారిలో 84 శాతం. వీరందరూ హాయిగా తిరుగుతున్నవారే.

మన ఊళ్ళలో “నడుములో గ్యాప్ వచ్చింది” అనే మాట బాగా వాడుకలో ఉంది. నిజానికి జరిగేది దానికి తారుమారు. డిస్క్ ఎండి చదునైతే పూసల మధ్య ఉండే గ్యాప్ తగ్గుతుంది. ఏ పూసా ఊడి విడిపోదు. గ్యాప్ వచ్చిందన్న మాట విని, వంగితే నడుము విరుగుతుందేమోనని పని మానేసి మంచాన పడేవారు ఉన్నారు. మంచాన పడిన కొద్దీ నడుము కండరాలు బలహీనమై నొప్పి ఇంకా ముదురుతుంది.

ఒకే నడుము, పది రిపోర్టులు

రిపోర్టు రాసేది కూడా మనిషే. అమెరికాలో కుడికాలిలోకి దిగే నడుము నొప్పి ఉన్న 63 ఏళ్ళ ఒక స్త్రీకి మూడు వారాల వ్యవధిలో పది వేర్వేరు సెంటర్లలో ఎంఆర్‌ఐ తీయించారు. ఆ ఫలితాలను 2017లో ప్రచురించారు. పది రిపోర్టుల్లో కలిపి 49 రకాల లోపాలు రాశారు. పది రిపోర్టుల్లోనూ ఉమ్మడిగా కనిపించిన లోపం ఒక్కటి కూడా లేదు. ఒకే నడుము, ఇంచుమించు ఒకే కాలం, అయినా రిపోర్టులు పది తీర్లు.

స్కానింగ్ చేసే వైద్యులు పనికిరారని దీని అర్థం కాదు. రోగిని చూడకుండా, అతని నొప్పి ఎక్కడో తెలియకుండా, బొమ్మ ఒక్కటే చూసి రాసిన రిపోర్టుకు కొంత హద్దు ఉంటుందని మాత్రమే. అందుకే మంచి వైద్యుడు స్కానింగ్‌కు పంపేటప్పుడు రోగి నొప్పి ఏ కాలిలో ఉంది, ఎన్నాళ్ళ నుంచి ఉంది, తనకు ఏ పూస దగ్గర అనుమానం అనే వివరం చీటీ మీద రాసి పంపుతాడు. “నడుము ఎంఆర్‌ఐ” అని రెండు ముక్కలు రాసిన చీటీతో వచ్చే రిపోర్టు కన్నా, అలాంటి చీటీతో వచ్చే రిపోర్టు ఎక్కువ పనికివస్తుంది.

మూడు మాటలూ ఒకటి కావాలి

వైద్యం నిర్ణయించేటప్పుడు మూడింటిని కలిపి చూడాలి. రోగి చెప్పే నొప్పి ఒకటి, వైద్యుడు చేతితో చేసే పరీక్ష రెండవది, ఎంఆర్‌ఐ బొమ్మ మూడవది. ఈ మూడూ ఒకే నరం వైపు వేలు చూపితేనే జబ్బు దొరికినట్లు.

ఉదాహరణకు ఇద్దరు హమాలీలను అనుకుందాం. ఇద్దరి రిపోర్టులోనూ ఎల్ 5–ఎస్ 1 దగ్గర ఎడమవైపు డిస్క్ జారి నరం మీద పడిందనే ఉంది. మొదటివాడికి ఎడమ పిరుదు నుంచి పిక్క వెనుకగా చిటికెన వేలి దాకా మంట దిగుతున్నది. ఎడమ మునివేళ్ళ మీద నిలబడలేకపోతున్నాడు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఎడమకాలు పైకి లేపితే సగం లేవకుండానే మంట కిందికి పాకుతున్నది. ఇతని విషయంలో నొప్పి, పరీక్ష, బొమ్మ మూడూ కలిశాయి. రెండవవాడికి నడుములో అడ్డంగా నొప్పి తప్ప కాళ్ళలోకి ఏమీ దిగదు. లేదా కుడికాలు నొప్పి అంటున్నాడు. ఇతనికి ఎడమవైపు డిస్క్‌ను తీసివేస్తే లాభమేమిటి? బొమ్మలు ఒకటే అయినా వైద్యం ఒకటి కాదు.

నడుములో పట్టినట్లుండే నొప్పికీ, కాలిలోకి దిగే నొప్పికీ తేడా ఉంది. కాలిలోకి, అందునా మోకాలి కిందికి దిగే నొప్పిని సయాటికా అంటారు. డిస్క్ ఆపరేషన్ వల్ల మేలు జరిగేది ప్రధానంగా ఈ కాలి నొప్పికి. ఒట్టి నడుము నొప్పికి డిస్క్ తీసివేయడం వల్ల అంత ప్రయోజనం ఉండదు. ఈ తేడా తెలియక ఆపరేషన్ చేయించుకొని, “కోసినా నొప్పి పోలేదు” అని బాధపడేవారున్నారు.

అందుచేత వైద్యుడు కాళ్ళు లేపి చూడకుండా, మడమల మీద, మునివేళ్ళ మీద నడిపించకుండా, మోకాలి దగ్గర, మడమ దగ్గర చిన్న సుత్తితో కొట్టి చూడకుండా, ఫిల్మును వెలుతురుకు పట్టి వెంటనే ఆపరేషన్ అంటే, రోగి ఇంకో వైద్యుణ్ణి కూడా అడిగి చూడటం మంచిది.

ఆరు వారాలు ఆగితే...

కొత్తగా వచ్చిన నడుము నొప్పి చాలామందిలో కొద్ది వారాల్లోనే సర్దుకుంటుంది. ప్రమాద సూచనలు లేనప్పుడు సుమారు ఆరు వారాల పాటు మందులు, వ్యాయామంతో చూసి, అప్పటికీ తగ్గకపోతేనే ఎంఆర్‌ఐ ఆలోచించాలన్నది వైద్య సంఘాలు చెప్పే పద్ధతి. ముందే తీయిస్తే తొందరగా నయమవుతుందని అనుకోవడం పొరపాటు.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 380 మంది నడుము నొప్పి రోగులను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి ఎక్స్‌రే, ఇంకో భాగానికి ఎంఆర్‌ఐ తీశారు. 2003లో ఫలితాలు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి రెండు భాగాల వారి నొప్పి, పని చేసుకునే శక్తి దాదాపు ఒకటిగానే ఉన్నాయి. ఎంఆర్‌ఐ తీసిన వారిలో పదిమందికి, ఎక్స్‌రే తీసిన వారిలో నలుగురికి ఆపరేషన్లు జరిగాయి.

జారిన డిస్క్ ఎల్లకాలం అలాగే ఉంటుందన్న భయం కూడా అక్కరలేదు. జారిన ముక్కను శరీరమే మెల్లగా కరిగించుకోవడం చాలామందిలో జరుగుతుంది. నెదర్లాండ్స్‌లో సయాటికా ఉన్న 283 మందిని పరిశీలించి 2007లో వివరాలు ప్రకటించారు. తొందరగా ఆపరేషన్ చేసిన వారికి కాలి నొప్పి త్వరగా తగ్గింది. ఆగి చూసిన వారిలో 39 శాతం మందికి తరువాత ఆపరేషన్ అవసరమైంది, మిగతావారు కత్తి పడకుండానే గడిపారు. ఏడాది చివర రెండు వైపులా 95 శాతం మంది బాగయ్యారు.

ఆ రోగులకే ఏడాది తరువాత మళ్ళీ ఎంఆర్‌ఐ తీసి చూస్తే, బాగైన వారిలో 35 శాతం మందికి, బాగు కాని వారిలో 33 శాతం మందికి డిస్క్ ఇంకా జారే కనిపించింది. అంటే ఎవరికి నొప్పి తగ్గిందో బొమ్మను చూసి చెప్పలేకపోయారు. నొప్పి తగ్గిన తరువాత “డిస్క్ సరైందో లేదో చూద్దాం” అని మళ్ళీ స్కానింగ్ తీయించుకోవడం వృథా ఖర్చు.

ఆగడమంటే మంచం మీద పడి ఉండడం కాదు. నొప్పి మరీ ఎక్కువగా ఉన్న ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకొని, ఆ తరువాత మెల్లగా నడవాలి. బరువులు ఎత్తకుండా చిన్న పనులు చేసుకోవచ్చు. ఫిజియోథెరపీ వారు నేర్పే వ్యాయామాలు ఇంటి దగ్గర రోజూ చేయాలి. దీర్ఘకాలపు నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది. వ్యాయామాన్ని, రోగికి జబ్బు గురించి వివరించి చెప్పడాన్ని అది సిఫారసు చేసింది. నడుము బెల్టులను, నడుము లాగే ట్రాక్షన్‌ను మామూలుగా వాడవద్దని చెప్పింది. మందుల దుకాణంలో కొన్న బెల్టు నెలల తరబడి కట్టుకొని తిరిగే వారు ఇది గమనించాలి. నొప్పి తగ్గే సూదులు, మాత్రలు నెలల తరబడి వాడితే కిడ్నీలు చెడిపోయే ప్రమాదం ఉంది.

వీరు ఒక్క రోజు కూడా ఆగరాదు

పై మాటలన్నీ మామూలు నడుము నొప్పికి. కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఆరు వారాల లెక్క వర్తించదు. అప్పుడు ఎంఆర్‌ఐ ఎంత త్వరగా జరిగితే అంత మంచిది.

మూత్రం పోయలేకపోవడం, లేదా తెలియకుండా పోవడం, మలం పట్టు తప్పడం, గుర్రం మీద కూర్చుంటే జీను తగిలే చోట, అంటే తొడల మధ్య, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవడం అన్నిటికన్నా ప్రమాదమైన గుర్తులు. పెద్ద డిస్క్ ముక్క నరాల కట్ట మొత్తాన్ని నొక్కినప్పుడు ఇలా జరుగుతుంది. గంటల్లో పెద్దాసుపత్రికి చేరాలి. వెంటనే స్కానింగ్ తీసి ఆపరేషన్ చేస్తే నరాలు దక్కే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే మూత్రం పట్టు జీవితాంతం తిరిగి రాకపోవచ్చు. ఇలాంటి సంగతులు చెప్పుకోవడానికి ఆడవారు సిగ్గుపడి దాచుకోవడం కూడా జరుగుతుంది. సిగ్గుపడవలసిన విషయం కాదిది.

పాదంలో బలం తగ్గడం రెండవ గుర్తు. నడుస్తుంటే చెప్పు జారిపోవడం, పాదం ఈడ్చుకుపోవడం, మడమల మీద నిలబడలేకపోవడం కనిపిస్తే, నొప్పి తక్కువగా ఉన్నా సరే చూపించుకోవాలి. నొప్పి తగ్గి తిమ్మిరి, బలహీనత పెరగడం బాగుపడుతున్న గుర్తు కాదు.

తాడి చెట్టు మీద నుంచో, ట్రాక్టర్ మీద నుంచో, ఇంటి కప్పు మీద నుంచో పడిన తరువాత వచ్చే నడుము నొప్పి మూడవది. ఇక్కడ మొదట పూస విరిగిందేమో చూడాలి. పడినవాణ్ణి నలుగురు చేతులు, కాళ్ళు పట్టి ఎత్తడం, ఆటోలో కూర్చోబెట్టి తీసుకుపోవడం వల్ల విరిగిన పూస కదిలి నరం తెగే ప్రమాదం ఉంది. 108కు ఫోను చేసి, అంబులెన్సు వచ్చే దాకా మనిషిని వంచకుండా, తిప్పకుండా ఉంచాలి. తప్పనిసరైతే తలుపు చెక్క వంటి గట్టి పలక మీద వెన్ను కదలకుండా తరలించాలి.

జ్వరంతో కూడిన నడుము నొప్పి, కారణం లేకుండా ఒళ్ళు తగ్గిపోవడం, వెనుక ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చి ఉండడం, రాత్రి పడుకున్నా వదలని నొప్పి, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడినవారిలో హఠాత్తుగా వచ్చిన నొప్పి కూడా ఈ జాబితాలోనివే.

క్షయ వెన్నులోకీ వస్తుంది

క్షయ అంటే ఊపిరితిత్తుల జబ్బు, దగ్గు అనే చాలామందికి తెలుసు. అది ఎముకలకూ పడుతుంది. ఎముకల క్షయలో సుమారు సగం వెన్నుపూసలకు వచ్చేదే. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు కాబట్టి మన దగ్గర ఏ వైద్యుడూ ఈ అనుమానాన్ని వదలిపెట్టరాదు.

వెన్ను క్షయ మెల్లగా వస్తుంది. నెలల తరబడి ఒకే చోట నొప్పి, సాయంత్రం పూట సన్నని జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి మందగించడం దీని లక్షణాలు. పూసలో చాలా భాగం తినివేసే దాకా ఎక్స్‌రేలో తేటగా కనిపించదు. ఎంఆర్‌ఐలో మాత్రం తొలిదశలోనే పూస వాపు, పక్కన చేరిన చీము తెలుస్తాయి. తరువాత సూదితో కొద్దిగా ముక్క తీసి పరీక్షించి నిర్ధారిస్తారు. ముందే పట్టుకుంటే చాలామందికి ఆపరేషన్ లేకుండా మందులతోనే నయమవుతుంది. ప్రభుత్వం ఆ మందులను ఉచితంగా ఇస్తున్నది. ఏడాది, ఒక్కోసారి అంతకు పైగా విడవకుండా మింగాలి. ఆలస్యమైతే పూస కూలి గూని రావడం, కాళ్ళు చచ్చుబడడం జరుగుతుంది. సకాలంలో తీసిన ఎంఆర్‌ఐ ఇక్కడ మనిషిని నిలబెడుతుంది.

పొరుగున నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీటి వల్ల వెన్ను బిగుసుకుపోయిన వారి సంగతి అందరికీ తెలిసిందే. అలాంటి వారిలో ఎముక గట్టిపడడం ఎక్స్‌రేలోనే కనిపిస్తుంది. పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కుతున్నదా అన్నది తేల్చడానికి ఎంఆర్‌ఐ కావాలి. ఏ పరీక్ష అయినా ఒక ప్రశ్నకు జవాబు కోసం తీయాలన్నది దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఎక్కడికి వెళ్ళాలి? ఖర్చు మాటేమిటి?

వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల 1959లో ఏర్పడింది. దానికి అనుబంధంగా ఉన్న మహాత్మా గాంధీ స్మారక ఆసుపత్రికి, జనం పిలిచే ఎంజీఎంకు, పాత వరంగల్ జిల్లా నుంచే కాక కరీంనగర్, ఖమ్మం, ఆదిలాబాద్ వైపుల నుంచి కూడా రోగులు వస్తారు. నడుము నొప్పితో బాధపడేవారు నేరుగా స్కానింగ్ సెంటర్‌కు పోకుండా, ముందు ఎముకల వైద్యునికి చూపించుకోవాలి. పరీక్ష అవసరమో కాదో నిర్ణయించవలసినది ఆ వైద్యుడు. క్లిష్టమైన కేసులను ఎముకల ఆసుపత్రిగా మొదలైన హైదరాబాద్‌లోని నిమ్స్ వంటి సంస్థలకు పంపడం ఉన్నదే.

ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. తమకు చెప్పిన వైద్యం ఆ పథకంలో ఉన్నదా, దానికి ముందు చేసే పరీక్షల ఖర్చు ఎవరిది అన్న సంగతి, డబ్బు కట్టక ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. అయితే ఒక మాట మరువరాదు. ఆపరేషన్ ఉచితమైనంత మాత్రాన అవసరమైనదని కాదు. కత్తి పడిన నడుము మళ్ళీ మొదటి నడుము కాదు.

స్కానింగ్‌కు పంపినందుకు ఊరి వైద్యునికి వాటా ముడుతుందనే మాట పల్లెల్లో కొత్తది కాదు. చీటీ రాసిన వారిని “ఈ పరీక్ష వల్ల నా వైద్యం ఏమి మారుతుంది?” అని అడిగే హక్కు రోగికి ఉంది. ఆపరేషనో, వెన్నులోకి సూదో ఆలోచిస్తున్నప్పుడు, లేదా క్షయ, గడ్డ, విరుగుడు అనుమానం ఉన్నప్పుడు ఎంఆర్‌ఐ వల్ల వైద్యం మారుతుంది. బొమ్మ ఎలా వచ్చినా అవే మాత్రలు, అదే వ్యాయామం అయితే ఆ డబ్బు ఇంట్లో ఉండడమే మేలు.

స్కానింగ్‌కు వెళ్ళేవారికి

వైద్యుడు అవసరమని చెప్పిన తరువాత భయపడవలసింది లేదు. గొట్టం వంటి యంత్రంలో ఇరవై నుంచి నలభై నిమిషాల దాకా కదలకుండా పడుకోవాలి. సుత్తితో కొట్టినట్లు పెద్ద చప్పుడు వస్తుంది. చెవులకు అడ్డం పెడతారు. ఇరుకుగా అనిపిస్తే చెప్పడానికి చేతికి ఒక మీట ఇస్తారు.

పెద్ద అయస్కాంతం కాబట్టి లోహపు వస్తువులేవీ ఒంటి మీద ఉండరాదు. పుస్తెలతాడు, మట్టెలు, మొలతాడు, ముక్కుపుడక, జడపిన్నులు, చీరకు పెట్టిన పిన్నీసులు తీసి ఇంటివారి చేతికి ఇవ్వాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు, తలలో క్లిప్పులు వేసినవారు, కాలు చేతుల్లో రాడ్లు ఉన్నవారు, వెల్డింగ్ పనిలో కంట్లో ఇనుప రజను పడినవారు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. రాడ్లున్న వారిలో చాలామందికి పరీక్ష చేయవచ్చు, కాని చెప్పకుండా లోపలికి పోరాదు.

పాత ఫిల్ములు, రిపోర్టులు పారవేయరాదు. ఇంకో వైద్యునికి చూపించినప్పుడు అవే పనికివస్తాయి, మళ్ళీ తీయించే ఖర్చు తప్పుతుంది. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ కాలిలోకి ఎంతవరకు దిగుతుంది, ఏమి చేస్తే పెరుగుతుంది అన్నవి ఒక కాగితం మీద రాసుకొని పోతే వైద్యునికి సగం పని తగ్గుతుంది.

2020లో ప్రపంచవ్యాప్తంగా 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో బాధపడ్డారని అంచనా. ఇంతమందికి స్కానింగులు తీయడం సాధ్యమూ కాదు, అవసరమూ లేదు. మండల కేంద్రాల్లోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ చేసేవారిని నియమించి, వారానికి ఒకరోజైనా ఎముకల వైద్యుడు వచ్చేలా చూస్తే, నాట్ల కాలంలోనూ, పత్తి ఏరే కాలంలోనూ హన్మకొండ బస్సెక్కే వారి సంఖ్య చాలా తగ్గుతుంది. ప్రమాద గుర్తులు ఉన్నవారిని ఆశా కార్యకర్తలు ఊళ్ళోనే గుర్తించి పంపగలిగితే, వెన్ను క్షయ వంటివి ముదరకముందే దొరుకుతాయి. ఈ రెండు పనుల మీద అధికారులు శ్రద్ధ పెట్టవలసి ఉంది.